రాధామనోహరమా, తంగేడా? మొక్క తెచ్చే ముందు చూడాల్సినవి

[తెర మీద: ఖాళీ ప్రహరీగోడ, కొలుస్తున్న టేపు]
వాయిస్: రెండూ మొండి మొక్కలే. రెంటికీ రోజంతా ఎండ పడాలి. తేడా వచ్చేదల్లా ఆసరా దగ్గర, నీళ్ల దగ్గర.

[రాధామనోహరం గుత్తులు, దగ్గరగా]
వాయిస్: సాయంత్రం తెల్లగా విచ్చిన పువ్వు గులాబీ రంగుకు తిరిగి, ఆపైన ఎర్రబడుతుంది. చీకటి పడ్డాక ఘుమఘుమలాడుతుంది. ఎంత అందమో అంత బరువు! ఆరేడు మీటర్లు పాకే ఈ తీగ కింద పల్చటి వెదురు తడిక నిలవదు. ఇనుప గొట్టాల పందిరి వేయండి. లేదా గోడకు బోల్టులు బిగించి, 3 మి.మీ. జీఐ తీగను (తుప్పు పట్టకుండా జింకు పూత పూసిన ఇనుప తీగ) 45 సెం.మీ.కు ఒక వరుస చొప్పున, గోడకు 10 సెం.మీ. ఎడంగా లాగండి. ఆ సందు లేకపోతే గాలి ఆడదు, కొమ్మ చుట్టుకోవడానికీ చోటుండదు.

[కత్తెర, తోలు గ్లవుజులు]
వాయిస్: పూత కొత్త చిగుళ్ల మీదే వస్తుంది. అందుకే పూల విడత అయిపోగానే మూడో వంతు కొట్టేయండి. రాలిన ఆకుల కాడలు ముళ్లలా గట్టిపడి ఉంటాయి, గ్లవుజులు తప్పనిసరి. యూరియా ఎక్కువైతే ఆకు గుబురే, పువ్వు ఉండదు. వేరు పిలకల్ని నేల మట్టానికి కోస్తే మళ్లీ లేస్తాయి. మట్టి తవ్వి మొదలంటా తీయాలి.

[పసుపు పూల తంగేడు]
వాయిస్: మెట్ట నేలల్లో తనంతట తాను మొలిచే పొద ఇది. ఆసరా అక్కర్లేదు, మీటరున్నర జాగా చాలు. గింజ పెంకు గట్టిది: మరిగించి దించిన నీళ్లు పోసి రాత్రంతా నాననిచ్చి, ఉబ్బిన గింజల్నే సెంటీమీటరు లోతున నాటండి. నేరుగా నేలలో నాటడమే మేలు, తల్లివేరు తెగితే మొక్క కోలుకోవడం కష్టం. మొదటి రెండు మూడు నెలలు తడి ఇవ్వండి, ఆ తర్వాత తగ్గించండి. తంగేడు చచ్చేది ఎక్కువగా నీళ్లు నిలిచి వేరు కుళ్లడం వల్లే.

[ఆకు మీద పచ్చటి గొంగళి]
వాయిస్: ఈ గొంగళిపురుగులు సీతాకోకచిలుకలవి. మందు కొట్టకండి, ఆకు మళ్లీ వస్తుంది.

[గోడ, రెండు గుంతలు]
వాయిస్: గట్టి పందిరి వేయగలిగి, ఏటా కత్తిరించే ఓపిక ఉంటేనే తీగ. లేదంటే మా ఓటు తంగేడుకే. రెండూ పెడితే మధ్య 3 మీటర్లు వదలండి. దగ్గరైతే తీగ పొద మీదికి పాకి ఎండ తగలనివ్వదు.