మే నెల నీళ్లలో ఫిల్మ్ కడగడం

హోస్ట్: అక్కా, అటక మీద మా తాతగారి పెంటాక్స్ కే1000 ఫిల్మ్ కెమెరా దొరికింది. బ్యాటరీ లేదు. పనికొస్తుందా?

అక్క: భేషుగ్గా. అందులో బ్యాటరీ వెలుగు కొలిచే మీటర్‌కే, షటర్‌కి అక్కర్లేదు. మెరీనాలో మిట్టమధ్యాహ్నం ఎండకి మీటర్‌తో పనేముంది? 400 స్పీడ్ ఫిల్మ్ అయితే అపర్చర్, అంటే లెన్స్‌లో వెలుగు దూరే రంధ్రం, ఎఫ్ 16, షటర్ సెకనులో 500వ వంతు. మబ్బేస్తే ఎఫ్ 8, చెట్టు నీడలో ఎఫ్ 4. కొన్నాళ్లు తీస్తే వెలుగు చూడగానే నంబర్ నోటికొచ్చేస్తుంది.

హోస్ట్: ఫిల్మ్ ఎక్కించాలంటేనే టెన్షన్.

అక్క: నా మొదటి రోల్ మైలాపూరులో, కపాలీశ్వరుడి రథోత్సవం. 36 ఫొటోలూ ఖాళీ! ఫిల్మ్ కొస స్పూల్‌కి పట్టలేదు, నేను ఉత్త లీవరే తిప్పాను. ఆ రాత్రి ఏడ్చాను. లీవర్ తిప్పినప్పుడల్లా ఎడమవైపు రివైండ్ నాబ్ చూడు. అది తిరిగితేనే ఫిల్మ్ నడుస్తున్నట్టు.

హోస్ట్: కడగడానికి ఎర్ర లైటు కొన్నాను.

అక్క: ఆగాగు. అది ప్రింట్ పేపర్‌కి. మనం వాడే ఫిల్మ్‌కి ఎర్ర వెలుగూ తగులుతుంది. రీల్‌కి చుట్టి, ఫిల్మ్ కడిగే చిన్న ట్యాంక్‌లో పెట్టి మూత వేసేదాకా చిమ్మచీకటే. పాడైన ఫిల్మ్‌తో కళ్లు మూసుకుని పదిసార్లు చుట్టి చూడు.

చెన్నైలో అసలు తంటా నీళ్లతోనే. ఇల్‌ఫోర్డ్ హెచ్‌పీ5 అనే బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌ని ఐడీ-11 అనే డెవలపర్‌లో, అంటే బొమ్మ తేల్చే మందులో, నీళ్లు కలిపి పల్చన చేయకుండా, 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు కడగాలి. మే నెలలో మేడ మీది ట్యాంక్ నీళ్లు 30 దాటేస్తాయి. ఆ వేడికి డెవలపర్ పరుగెత్తి నెగటివ్ నల్లగా మందమైపోతుంది. అలాగని ఐస్ డెవలపర్‌లో వెయ్యకు, పల్చబడుతుంది. సీసాని ఐస్ నీళ్ల బకెట్‌లో నిలబెట్టి, థర్మామీటర్ ముంచి చూసుకో. తేలిన బొమ్మని నిలబెట్టే హైపో, చివర్లో కడిగే నీళ్లు కూడా ఆ దరిదాపుల్లోనే ఉండాలి. చల్లదనంలోంచి ఒక్కసారిగా వేడి నీళ్లలో పడితే ఫిల్మ్ మీది పొర ముడతలు పడిపోతుంది.

హోస్ట్: ప్రింట్ సంగతో?

అక్క: ముందు చిన్న పేపర్ ముక్క మీద, అట్ట జరుపుతూ ఐదేసి సెకన్లు నెగటివ్ గుండా వెలుగు పెట్టి చూడు. ఏ చార నచ్చితే ఆ లెక్క. ఇక పెద్ద కాగితం డెవలపర్ ట్రేలో పడ్డాక... కాసేపు ఏమీ ఉండదు. నేను మొదట వేసింది మా అమ్మ ఫొటో. ముందు బొట్టు, కనుబొమ్మలు వచ్చాయి, తర్వాత చీర అంచు. నెరిసిన జుట్టు అన్నిటికన్నా ఆఖరున తేలింది. ఇప్పటికీ ఆ ట్రే ముందు నా గుండె అలాగే కొట్టుకుంటుంది.

హోస్ట్: ఆదివారం రోల్ పట్టుకుని రానా?

అక్క: రా. దారిలో ఐస్ కూడా తీసుకో.