పాటు వేళ మంగమారిపేట రాతి మడుగులు

[దృశ్యం: అమావాస్య మరునాటి మధ్యాహ్నం. సముద్రం వెనక్కి తగ్గిన తీరం.]

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే దారిలో, సహజ శిలాతోరణం ఉన్న మంగమారిపేట దగ్గర సముద్రం పాటుకు తగ్గినప్పుడు, అంతవరకు కెరటాల కింద ఉన్న రాళ్లు బయటపడి, వాటి పల్లాల్లో నీరు చిన్న చిన్న మడుగులుగా నిలిచిపోతుంది. ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. ఆ మధ్యకాలంలో నీరు లేకుండా ఎంతసేపు ఓర్చుకోగలదన్న దాన్నిబట్టే ప్రధానంగా ఏ జీవి ఏ ఎత్తున ఉంటుందో తేలుతుంది.

[దృశ్యం: రాతి పైభాగం, బాగా దగ్గరగా.]

తెల్లని గరుకు మొటిమల్లా కనిపిస్తున్నవి బార్నకిల్స్. చూపుకు నత్తల్లా ఉన్నా, నిజానికి ఇవి రొయ్యలకూ పీతలకూ బంధువులు. పిల్లదశలో ఈదుకుంటూ వచ్చి, తలను రాతికి అంటించుకుని, చుట్టూ సున్నపు పలకల గోడ కట్టుకుని, ఇక జన్మంతా అక్కడే ఉండిపోతాయి. పాటు వేళ మూత బిగించి లోపలి తడిని కాపాడుకుంటాయి. నీరు రాగానే మూత తెరిచి, ఈకల వంటి కాళ్లతో ఆహారాన్ని జల్లించుకుంటాయి. కాళ్లతో అన్నం తినే ఈ ప్రాణిని ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

[దృశ్యం: మడుగు అంచు.]

నీటిలో పువ్వులా విచ్చుకునే సీ అనిమోన్, నీరు తగ్గగానే మీసాలన్నిటినీ లోపలికి లాక్కుని జిగురు ముద్దగా మారిపోతుంది. కొన్ని జాతులు ఇసుక రేణువులనూ గవ్వ ముక్కలనూ ఒంటికి అంటించుకుంటాయి కనుక, తెలియక వాటిపై కాలు వేసే ప్రమాదం ఉంది. పక్కనే నడుస్తున్న సన్యాసి పీతకు మెత్తని పొట్టను దాచుకోవడానికి ఖాళీ శంఖమే ఇల్లు; ఒళ్లు పెరిగిన కొద్దీ పెద్ద ఇల్లు వెతుక్కోవాలి. ఇక్కడి శంఖాలను ఏరుకుపోవద్దని నేను పట్టుబట్టేది అందుకే.

[దృశ్యం: మడుగు అడుగున నాచు.]

ఈ తీరపు నాచులపై ఎం. ఉమామహేశ్వరరావు, టి. శ్రీరాములు చేసిన అధ్యయనం 1964లో వెలువడింది. పచ్చని రేకులా పరుచుకున్నది ఉల్వా. కింది అంచున ఎర్రని గ్రాసిలేరియా, గోధుమరంగు సర్గాసం కనిపిస్తాయి. ఎండలో నాచు విడిచే ప్రాణవాయువు రేకులపై ముత్యాల్లాంటి బుడగలుగా నిలుస్తుంది. రాత్రివేళ మాత్రం నాచు కూడా ప్రాణవాయువును పీల్చుకునేదే అవుతుంది. మడుగులో అది తరిగిపోయి, బొగ్గుపులుసు వాయువు పెరిగి, నీటి ఆమ్లత్వం హెచ్చుతుంది. పోటు మొదటి కెరటం అంచు దాటి లోపలికి వచ్చేవరకు చేపా పీతా నాచూ ఆ కాస్త ప్రాణవాయువునే పంచుకోవాలి.