కదలకుండా కాల్చిన ఫిరంగి: ఫ్రెంచి 75 కథ

అందరికీ నమస్కారం.

కార్గిల్ యుద్ధం నాటి బోఫోర్స్ వీడియోలు మీలో చాలామంది చూసే ఉంటారు. పేలిన మరుక్షణం గొట్టం వెనక్కి జారుతుంది, మళ్లీ తనంతట తానే ముందుకొచ్చి కూర్చుంటుంది. ఇప్పుడది మనకి మామూలు దృశ్యం. 130 ఏళ్ల కిందట మాత్రం ఏ సైన్యం చేతిలోనూ అలాంటి ఫిరంగి లేదు. దాన్ని మొదట యుద్ధానికి పనికొచ్చేలా చేసి, వేల సంఖ్యలో తయారుచేసుకున్న దేశం ఫ్రాన్స్. ఆ ఫిరంగి అధికారిక పేరు ‘75 మిల్లీమీటర్ల ఫిరంగి, 1897 మోడల్’.

అంతకుముందు ఫ్రెంచివాళ్లు వాడింది 1877 నాటి 90 మి.మీ. దె బాంజ్ ఫిరంగి. మంచిదే, దూరం కొడుతుంది, గురి కూడా బాగుంటుంది. చిక్కల్లా ఒక్కటే. గుండు ముందుకి వెళ్లిన ప్రతిసారీ ఫిరంగి మొత్తం చక్రాలతో సహా వెనక్కి దొర్లేది. సిపాయిలు దాన్ని మళ్లీ తోసుకొచ్చి, నిలబెట్టి, మొదటినుంచి గురి చూసుకోవాలి. ఈ తతంగం అంతా అయ్యేసరికి నిమిషానికి ఒకటో రెండో గుళ్లు పడితే గొప్ప. 1884లో పాల్ వియేల్ పొగరాని తుపాకిమందు కనిపెట్టాక ఈ లోటు ఇంకా కొట్టొచ్చినట్టు కనబడింది. పాత నల్ల తుపాకిమందు రోజుల్లో ఎలాగూ పొగ విడిపోయేదాకా ఆగాల్సిందే, తొందరపడి లాభం లేదు. ఇప్పుడు ఎదురుగా అంతా కనబడుతోంది, ఫిరంగి మాత్రం చోటులో లేదు.

దీనికి దారి చూపించినవాడు జర్మన్ ఇంజనీరు, కొన్రాడ్ హౌస్నర్. బండి మీద గొట్టాన్ని పొడుగ్గా వెనక్కి జారనిస్తే బండి కదలదని ఆయన ఆలోచన. జర్మనీలో ఆయుధాలు చేసే క్రుప్ కంపెనీలో పనిచేస్తూ 1891లో పేటెంట్ కూడా తీసుకున్నాడు. క్రుప్ వాళ్లు దాన్ని పట్టించుకోలేదు. ఆ వార్త పారిస్ చేరింది. ఫ్రెంచి ఫిరంగి విభాగం అధిపతి జనరల్ మాత్యూ, ఇది సాధ్యమేనా చూడమని ప్యుటో ఆయుధ కర్మాగారాన్ని అడిగాడు. అక్కడి డెపోర్ అనే అధికారి సరేనన్నాడు. సొంతింట్లో పుట్టిన ఆలోచనని గెంటేస్తే పొరుగువాడు ఎత్తుకుపోయాడన్నమాట.

ముందు వరుసలో మెకానికల్ విద్యార్థులు కూర్చున్నారు కాబట్టి లోపల ఏం జరుగుతుందో కాస్త వివరంగా చెబుతాను. గొట్టం కింద ఒకదాని మీద ఒకటిగా రెండు సిలిండర్లు ఉంటాయి. మొదటిదాన్లో నూనె, ఒక పిస్టన్. పిస్టన్ కడ్డీ గొట్టానికి బిగించి ఉంటుంది. రెండోదాన్లో ఒక పక్క నూనె, ఇంకో పక్క బాగా ఒత్తిడితో నింపిన గాలి, ఆ రెంటికీ మధ్య అటూ ఇటూ జరిగే పిస్టన్ ఒకటి. పేలగానే గొట్టం దాదాపు 1.2 మీటర్లు వెనక్కి జారి పిస్టన్‌ని లాగుతుంది. నూనె సన్నటి దారిలోంచి దూరి రెండో సిలిండర్లోకి వెళ్తుంది. ఆ ఇరుకులో దూరడంలోనే తన్ను వేగం చచ్చిపోతుంది, మిగిలిన శక్తితో గాలి ఇంకా నొక్కుకుపోతుంది. ఆ గాలే మళ్లీ నూనెని వెనక్కి తోసి గొట్టాన్ని యథాస్థానానికి చేరుస్తుంది.

కాగితం మీద ఇంత సులువు. అసలు తలనొప్పి సీళ్ల దగ్గర వచ్చింది. నూనె కారకూడదు, గాలి నూనెలో కలవకూడదు. అదీ ఎక్కడో ప్రయోగశాలలో కాదు, గుర్రాలు గతుకుల్లో ఈడ్చుకెళ్లే బండి మీద, ఎండలో, వానలో. 1894లో డెపోర్ సైన్యం వదిలి ప్రైవేటు కంపెనీకి వెళ్లిపోయాడు. ఆ సీళ్ల గొడవ తేల్చి ఫిరంగిని పూర్తిచేసింది సాంత్-క్లేర్ డెవీల్, రిమయో అనే ఇద్దరు కెప్టెన్లు. నా మటుకు నాకు ఆలోచన పుట్టించినవాడికన్నా ఈ ఇద్దరే ఎక్కువ గొప్పగా అనిపిస్తారు. 1917 తర్వాత అమెరికా కర్మాగారాలు డ్రాయింగులన్నీ చేతిలో పెట్టుకుని కూడా ఈ యంత్రాన్ని తయారుచేయడానికి నానా తంటాలు పడ్డాయి. అమెరికన్ సైన్యం మొదటి ప్రపంచ యుద్ధంలో ఎక్కువగా ఫ్రాన్స్‌లో తయారైన 75లనే వాడింది. తర్వాత అధ్యక్షుడైన హారీ ట్రూమన్ 1918లో కెప్టెన్‌గా నడిపిన బ్యాటరీలోనూ (ఫిరంగుల జట్టు) ఇవే ఫిరంగులు.

రహస్యం కాపాడటానికి ఫ్రెంచివాళ్లు చేయని పని లేదు. జనరల్ దెలోయ్ హయాంలో వేరే మామూలు ఫిరంగులేవో పరీక్షిస్తున్నట్టు పైకి కనిపించేలా చేశారు. 1894లో జర్మన్ సైనిక ప్రతినిధి చెత్తబుట్టలో దొరికిన ఒక కాగితం దేశాన్ని కుదిపేసింది. అందులో మొదటి అంశం 120 మి.మీ. ఫిరంగి హైడ్రాలిక్ బ్రేకు, అంటే తన్నుని ఆపే నూనె ఏర్పాటు గురించే. ఆ కాగితం రాశాడని, ఫిరంగి దళానికి చెందిన యూదు అధికారి కెప్టెన్ డ్రేఫస్‌ను డెవిల్స్ ఐలాండ్ అనే ఖైదీల దీవికి పంపారు. ఆయన నిర్దోషి అని తేలేసరికి 1906 వచ్చింది. ఈ కేసంతా 75ని దాచడానికి వేసిన ఎత్తు అని ఊహించినవాళ్లూ ఉన్నారు. నాకైతే నమ్మబుద్ధి కాదు. ఒక అమాయకుణ్ణి ఇరికించడానికి ఆ రోజుల్లో యూదుల మీదున్న ద్వేషం చాలు, అంత పెద్ద పథకం అక్కర్లేదు.

జర్మన్లు మాత్రం బాగానే దెబ్బతిన్నారు. 1896లో పాత పద్ధతిలోనే కొత్త 77 మి.మీ. ఫిరంగి తయారుచేసుకున్నారు. 75 సంగతి బయటపడ్డాక వాటినే తిరగతోడి, గొట్టం జారే ఏర్పాటు పెట్టుకోవాల్సి వచ్చింది. క్రుప్ వద్దన్న హౌస్నర్ ఎర్‌హార్ట్ కంపెనీలో చేరాడు. ఆ కంపెనీ దగ్గర దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం జరుగుతున్న సమయంలో బ్రిటన్ 108 ఫిరంగులు కొనుక్కుంది.

ఇక 75 పనితనం. బండి తోక నేలలో పాతుకుంటుంది, చక్రాల కింద బ్రేకు దిమ్మలు పడతాయి. గురి చూసేవాడు ఎడమ పక్క, కాల్చేవాడు కుడి పక్క, ఇద్దరూ ఇనుప డాలు వెనక సీట్ల మీద కూర్చునే ఉంటారు. పేలినప్పుడల్లా లేచి తప్పుకోనక్కర్లేదు. గుండూ మందూ కలిపి ఒకే తూటాగా వస్తాయి. బ్రీచ్, అంటే గొట్టం వెనక మూత, పిడిని ఒక్కసారి తిప్పితే తెరుచుకుంటుంది, ఖాళీ కేసు దానంతటదే బయటపడుతుంది. నిమిషానికి 15 గుళ్లు సునాయాసంగా వెళ్తాయి. గాల్లో పేలి గోలీలు చిమ్మే ష్రాప్నెల్ గుండు ఒక్కోదాన్లో దాదాపు 290 గోలీలు. నాలుగు ఫిరంగుల బ్యాటరీ మైదానంలో నడిచొచ్చే కాల్బలాన్ని ఏం చేయగలదో లెక్క వేసుకోండి. 1914 ఆగస్టు, సెప్టెంబరుల్లో, ముఖ్యంగా మార్న్ యుద్ధంలో, జర్మన్ కాల్బలం దాన్ని చవిచూసింది.

అయితే ఈ గొప్పతనమే ఫ్రాన్స్‌ను ముంచిందని నా అభిప్రాయం. చేతిలో 75 ఉంది కదా, బరువైన ఫిరంగులెందుకు అన్నారు. యుద్ధం మొదలయ్యేనాటికి దగ్గర దగ్గర 4,000 పైచిలుకు 75లు ఉంటే, భారీ ఫిరంగులు సుమారు 300. ఈ ఫిరంగి గొట్టం 18 డిగ్రీలకు మించి పైకి లేవదు. గుండు దాదాపు తిన్నగా వెళ్తుంది. శత్రువు కందకంలోకి దిగాక పైనుంచి వచ్చి లోపల పడే గుండు కావాలి, అది దీనివల్ల కాదు. సిపాయిలు బండి తోక కింద గొయ్యి తవ్వి గొట్టం మూతిని పైకి లేపుకున్నారు. పైగా ఒక్కో ఫిరంగికి నిల్వ ఉన్నది 1,300 గుళ్ల పైచిలుకే. అంత జోరుగా కాల్చే యంత్రానికి అదో లెక్కా? సెప్టెంబరు చివరికల్లా టెన్షన్ మొదలైంది. హడావుడిగా చేయించిన నాసిరకం గుళ్లు ఆ చలికాలంలో గొట్టాల్లోనే పేలి సొంత సిపాయిల్నే చంపాయి. ఆ తర్వాత నెమ్మదిగా 105, 155 మి.మీ. ఫిరంగులు వచ్చి చేరాయి. 75 మాత్రం విమానాల మీద కాల్చడానికి, విషవాయువు గుళ్లు వేయడానికి, సాంషమో ట్యాంకులో బిగించడానికి, ఇలా దొరికిన ప్రతి పనికీ పనికొచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు తమకు చిక్కిన 75 గొట్టాల్ని తమ బండ్ల మీద పెట్టి రష్యన్ ట్యాంకుల మీదకి తిప్పారు. మనకు దగ్గరి సంగతి ఇంకొకటుంది. అమెరికన్లు తమ లీ ట్యాంకు కోసం చేసుకున్న 75 మి.మీ. ఫిరంగి ఈ వంశంలోదే, తూటా కేసు కొలతలు కూడా ఇవే. 1944 ఏప్రిల్ 13న ఇంఫాల్ దగ్గర నున్‌షిగుమ్ కొండ మీద జపాన్ సైనికుల్ని తరిమికొట్టడానికి డోగ్రా సిపాయిలతో పాటు నిట్టనిలువుగా ఎక్కినవి ఆ లీ ట్యాంకులే.

సిలిండర్ల బొమ్మ బోర్డు మీద వేసి ఉంచాను. ప్రశ్నలుంటే అక్కణ్ణుంచే మొదలుపెడదాం.