రోజూ వేప్ కొట్టేవాళ్లు ఒంట్లో ఎలా ఉందంటున్నారు?

(స్క్రీన్‌పై: బల్ల మీద విప్పి పెట్టిన వేప్ పాడ్)

నమస్తే. రోజూ వేప్, అంటే ఈ-సిగరెట్, కొట్టేవాళ్లని ఒంట్లో ఎలా ఉందని అడిగితే ఎక్కువగా వినిపించేవి ఇవి: నోరు ఎండిపోతోంది, గొంతు గరగరమంటోంది, పొడి దగ్గు వదలడం లేదు. కొందరికి తలనొప్పి, వికారం, గుండె దడ.

ఈ పాడ్ లోపలికి చూడండి. సన్నటి కాయిల్, దాన్ని అంటుకుని ద్రవంలో నానిన దూది. దమ్ము లాగగానే కాయిల్ వేడెక్కి ద్రవం ఆవిరవుతుంది. ఆ ద్రవంలో ఎక్కువ భాగం ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్. రెండూ తడిని లాక్కునేవే. నోరు, గొంతు ఎండిపోవడానికి అదో ముఖ్య కారణం. వికారం, దడ మాత్రం చాలావరకు నికోటిన్ ఎక్కువైనప్పుడు వచ్చేవి.

ఇంకో రకం జవాబు కూడా వినాలి. 2014లో ఫార్సలినోస్ అనే గ్రీస్ పరిశోధకుడి బృందం ఆన్‌లైన్‌లో 19,000 మందికి పైగా వేప్ వాడేవాళ్లని అడిగింది. నోరు, గొంతు ఇబ్బందులు చెప్పినవాళ్లు ఉన్నారు. ఊపిరి తేలికైంది, వాసన, రుచి తిరిగొచ్చాయి అన్నవాళ్లూ చాలామందే. వాళ్లు అబద్ధం చెప్పలేదు. అయితే అందులో ఎక్కువమంది సిగరెట్ మానేసి వేప్‌కి మారినవాళ్లు. పొగ పోయింది కాబట్టి ఊపిరి తేలికైంది. పైగా ఒంటికి పడక వేప్ వదిలేసినవాళ్లు ఇలాంటి సర్వేకి సాధారణంగా రారు.

అసలు సిగరెట్టే ముట్టని కుర్రాడి సంగతి వేరు. అతను పోల్చుకోవాల్సింది మంచి గాలితో. సిగరెట్ మానేసి వేప్‌కి మారిన పెద్దాయన చెప్పే 'హాయి' ఇతనికి వర్తించదు. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇక్కడే. ఒకరి అనుభవాన్ని ఇంకొకరు భరోసాగా తీసుకుంటున్నారు.

(స్క్రీన్‌పై: 2015, జూల్)

2015లో అమెరికా మార్కెట్‌లోకి వచ్చిన జూల్ అనే వేప్ బ్రాండ్ నికోటిన్‌కి బెంజోయిక్ ఆమ్లం కలిపింది. దాంతో గొంతులో మంట తగ్గింది, ఎక్కువ నికోటిన్ సులువుగా లోపలికి వెళ్లింది. అంటే గొంతు బాగానే ఉందనిపించినా ఒంట్లోకి వెళ్లేది తక్కువని కాదు. రక్తంలో నికోటిన్ సుమారు రెండు గంటల్లో సగానికి పడిపోతుంది. అప్పుడు చిరాకు, ఆందోళన మొదలవుతాయి. ఇంకో దమ్ము కొడితే సర్దుకుంటాయి. 'వేప్ కొడితే టెన్షన్ పోతుంది' అంటారు కదా, ఆ టెన్షన్‌లో కొంత ఆ వేప్ తెచ్చిపెట్టిందే.

ఏది ముందు, ఏది తర్వాత అన్నదీ చూడాలి. వేప్‌కీ గుండెపోటుకీ సంబంధం ఉందంటూ 2019లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. అందులో కొందరికి గుండెపోటు వేప్ మొదలుపెట్టకముందే వచ్చిందని విమర్శకులు ఎత్తిచూపారు. 2020 ఫిబ్రవరిలో పత్రిక దాన్ని వెనక్కి తీసుకుంది. అంతమాత్రాన గుండెకి ప్రమాదం లేదని కాదు. నికోటిన్ గుండె వేగాన్ని, రక్తపోటును పెంచుతుంది, అందులో సందేహం లేదు.

మన దేశంలో 2019 నుంచి ఈ-సిగరెట్ల తయారీ, అమ్మకం, నిల్వ నేరం. దొంగచాటుగా దొరికే సరుకులో ఏముందో కొనేవాడికి తెలిసే దారి లేదు. అమెరికాలో 2019లో వేప్ వాడేవాళ్లలో బయటపడిన ఊపిరితిత్తుల జబ్బుతో 2020 ఫిబ్రవరికల్లా ఆసుపత్రి పాలైనవాళ్లు, చనిపోయినవాళ్లు కలిపి 2,807 మంది. వాళ్లలో 68 మంది చనిపోయారు. అందులో ఎక్కువమంది వాడింది గంజాయి నూనె ఉన్న వేప్‌లు. వాటిలో కలిపిన విటమిన్-ఇ ఎసిటేట్‌ను ప్రధాన కారణంగా గుర్తించారు.

అందుకే డాక్టరు 'సిగరెట్ తాగుతావా?' అని అడిగితే 'లేదండీ' అని ఊరుకోవద్దు. వేప్ కొడతానని చెప్పండి. ఎన్నాళ్ల నుంచి, రోజుకి ఎంత, అందులో నికోటినా గంజాయి నూనెనా, ఆయాసం, పిల్లికూతలు అంతకుముందే ఉన్నాయా, అన్నీ చెప్పండి. పక్కన అమ్మానాన్న ఉంటే వాళ్లని కాసేపు బయట కూర్చోమని అడగండి. మానాలనుకుంటే కేంద్ర ప్రభుత్వ పొగాకు క్విట్‌లైన్ 1800-11-2356 ఉంది, ఫోన్ ఉచితం.