మిషన్ ముందా, ట్రైనింగ్ ముందా? సింగరేణిని అడుగుదాం

అందరికీ నమస్కారం. ఏఐ వస్తే ఉద్యోగాలు ఉంటయా ఊడతయా అని హైదరాబాద్‌లో ఏ సాఫ్ట్‌వేర్ పిలగాణ్ణి కదిలించినా ఒకటే భయం. కొత్త స్కిల్స్ నేర్చుకోండ్రి అని స్టేజీలెక్కి చెప్పేటోళ్లకు మాత్రం కొదువ లేదు. మిషన్ వచ్చి చేతిపని పోయే ఈ సినిమాను సింగరేణి బొగ్గు గనులున్న గోదావరిఖని, మందమర్రి, కొత్తగూడెం వాళ్లు ఎప్పుడో చూసేసిన్రు.

లెక్క చూడండి. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షా పదివేలకు పైగా కార్మికులు. అప్పుడు ఏడాదికి తీసిన బొగ్గు 2 కోట్ల టన్నులకు అటూ ఇటూ. 2023-24లో 7 కోట్ల టన్నులు తీసిన్రు. పర్మినెంట్ కార్మికులు? 40 వేల చిల్లర. ఆగండి, ఓపెన్‌కాస్టుల్లో, అంటే పైనుంచి తవ్వే గనుల్లో, బొగ్గు మీది మట్టి (ఓబీ, ఓవర్‌బర్డెన్) ఎత్తే కాంట్రాక్టు వాళ్లు ఈ లెక్కలో లేరు. వాళ్లను కలపకుండా "ఇంత తక్కువ మందితో ఇంత బొగ్గు" అని చప్పట్లు కొడితే అది సగం నిజమే.

అప్పట్ల బాయి, అంటే గని, దిగితే బొగ్గు నింపే కోల్ ఫిల్లర్‌దే రాజ్యం. తట్టా, చెమ్మస్ అనే పార పట్టుకొని బొగ్గు టబ్బులు నింపాలె. జీతం పీస్ రేటు మీద, ఎంత నింపితే అంత. తర్వాత ఎస్‌డీఎల్ (సైడ్ డిశ్చార్జ్ లోడర్) మిషన్లు వచ్చినయ్, బొగ్గును అవే ఎత్తి పోసుడు మొదలైంది. ఆడ్రియాల లాంగ్‌వాల్ గనిలోనైతే పొడుగాటి బొగ్గు గోడ వెంబడి షియరర్ అనే మిషన్ బొగ్గును కోసుకుంట పోతది, హైడ్రాలిక్ సపోర్టులు పైకప్పును మోస్తయ్. అక్కడ కావాల్సింది కండ కాదు. హైడ్రాలిక్స్ తెలిసిన ఫిట్టరు, కరెంటు పని తెలిసినోడు, లోపల గ్యాస్ ఎంత ఉందో రీడింగ్ చూసి చెప్పేటోడు.

మరి ఆ ఫిల్లర్ ఏమైండు? కొంతమంది ఆపరేటర్లయిన్రు. కొంతమంది జనరల్ మజ్దూర్ పనికి, అంటే మామూలు కూలి పనికి, పోయిన్రు. ఇంకొంతమంది వాలంటరీ రిటైర్మెంట్ డబ్బులు తీసుకొని ఇంటికి పోయిన్రు.

ఇక్కడ నాకు నచ్చని మాట ఒకటుంది: "కార్మికులు మిషన్‌కు వ్యతిరేకం" అంటరు. కాదు సార్. ఫిల్లర్ అడిగింది వేరే. పీస్ రేటు తీసేసి టైం రేటుకు, అంటే రోజు లెక్క జీతానికి, మారిస్తే నా బేసిక్ ఎంత, నా జీతం కేటగిరీ ఏంది, నేర్చుకునే రోజులకు మస్టర్ (హాజరు) పడ్తదా? వీటికి కాయితం మీద జవాబు ఇచ్చినంక ట్రైనింగ్‌కు పిలువండి, ఎవడు రాడో చూద్దాం. నలభై ఐదేండ్ల మనిషిని జీతం సంగతి తేల్చకుండ క్లాసులో కూసోబెడితే, ఆయన చెవులు మాస్టారు దగ్గర, మనసు బ్యాంకు లోను దగ్గర.

నిజానికి గనులకు ఒక మంచి రూల్ ఉంది. 1966 వొకేషనల్ ట్రైనింగ్ రూల్స్. కొత్తోడికి బేసిక్ ట్రైనింగ్, ఐదేండ్లకోసారి రిఫ్రెషర్. అందుకే సింగరేణి ఏరియాల్లో వీటీసీ (వొకేషనల్ ట్రైనింగ్ సెంటర్) అని ఒకటి కనబడ్తది. మన ఐటీ కంపెనీల్లో ఇట్లాంటి చట్టం ఉందా? లేదు. అక్కడ శానామంది కోర్సు రాత్రి ఇంటికాడ సొంత ఖర్చుతోనే చేసుకోవాలె.

కాని ఆ రూల్ ప్రధానంగా భద్రత కోసం పుట్టింది. పాత పని పోతున్నోడికి కొత్త పని నేర్పుడు దాని లక్ష్యం కాదు. నా మాటైతే, మిషన్‌కు ఆర్డర్ పెట్టిననాడే ఆ పని చేస్తున్నోళ్ల లిస్టు తీసి ట్రైనింగ్ మొదలుపెట్టాలె. మిషన్ వచ్చేదాకా టైం ఉంటది గదా, ఆ టైం వాళ్లదే.

ఓబీ కంపెనీల్లో వోల్వో డ్రైవర్లు, హెల్పర్లు ఎవరన్నా చూస్తుంటే చెప్పండి: డ్యూటీ ఎక్కే ముందు మీకు వీటీసీలో ట్రైనింగ్ ఎన్ని రోజులు ఇచ్చిన్రు? ఆ రోజులకు కూలి ఇచ్చిన్రా? కామెంట్లో రాయండి, పేర్లు అక్కర్లేదు. వచ్చే వీడియో వాటి మీదనే.