గ్రనడాలో తక్కువ ఖర్చుకి రూమ్ ఎలా తీసుకోవాలి?

అందరికీ నమస్తే అండి. స్పెయిన్‌లో గ్రనడా వెళ్తున్నాం, తక్కువలో రూమ్ ఎక్కడ దొరుకుతుంది అని చాలామంది అడిగారు. చెప్తాను, కానీ రూమ్ కంటే ముందు అల్హంబ్రా టికెట్ చూసుకోండి, అదే అక్కడి పాత ముస్లిం రాజుల కోట. లోపల నస్రిద్ వంశపు రాజమందిరాలకి టికెట్ మీద రాసిన టైమ్‌కే పంపిస్తారు, టికెట్ కూడా మీ పేరు మీదే వస్తుంది, సీజన్‌లో అయితే చాలా ముందే అయిపోతాయి. అందుకే టికెట్ ఏ రోజుకి దొరికితే ఆ రోజుకి రూమ్ పెట్టుకోండి. అంత దూరం వెళ్లి రాజమందిరాలు చూడకుండా తిరిగొస్తే ఆ బాధ మామూలుగా ఉండదు.

ఇప్పుడు రూమ్ సంగతి. అక్కడ 'ఓస్తాల్' అని బోర్డులు కనిపిస్తాయి, మన హాస్టల్ లాంటిదే అనుకుని వదిలేయకండి. అది చిన్న లాడ్జి, చాలా వరకు ఒక కుటుంబమే నడుపుతుంది, గది మొత్తం మీకే. బాత్రూమ్ మాత్రం గదిలో ఉందా, బయట అందరికీ కలిపి ఉందా అని చూసుకోండి, రేటులో తేడా అక్కడే వస్తుంది.

అసలు చిక్కు అల్బైసిన్‌తో. అది కొండ మీద పాత అరబ్బుల పేట, తెల్లటి ఇళ్లు, 1994 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. అమ్మని తీసుకెళ్లినప్పుడు మ్యాప్‌లో దగ్గరే కదా అని అక్కడ రూమ్ తీసుకున్నాను. దారంతా గులకరాళ్లు నిలబెట్టి పరిచినట్టు ఉంటుంది, సూట్‌కేస్ చక్రం రాళ్ల మధ్య ఇరుక్కుంటుంది, లాగితే పక్కకి పడిపోతుంది, మధ్యలో మెట్లు, అమ్మ మోకాళ్లు పట్టుకుని మూడుసార్లు కూర్చుండిపోయింది. పెద్దవాళ్లు ఉంటే కథెడ్రల్ (పెద్ద చర్చి) చుట్టుపక్కల తీసుకోండి, నేల చదునుగా ఉంటుంది, ప్లాసా నువేవా అనే కూడలి నుంచి చిన్న బస్సులు కొండ పైకి వెళ్తాయి. మీరొక్కరే బ్యాగు తగిలించుకుని వెళ్తుంటే మాత్రం అల్బైసిన్‌లోనే ఉండండి, సాయంత్రం అక్కడి సాన్ నికొలాస్ వ్యూపాయింట్ దగ్గర నిలబడితే ఎదురుగా అల్హంబ్రా ఎర్రబడుతూ కనిపిస్తుంది, ఆ దృశ్యం కోసం ఎన్ని మెట్లయినా ఎక్కొచ్చు.

ఇంకోటి, రూమ్ వివరాల్లో 'ఇంతెరియోర్' అని రాస్తే కిటికీ వీధి వైపు కాకుండా బిల్డింగ్ లోపలి ఖాళీ జాగా వైపు ఉంటుంది. వెలుతురు తక్కువే, కానీ ఎల్విరా వీధి లాంటి చోట రాత్రి గోల వినపడకుండా నిద్ర పడుతుంది, నేనైతే అదే తీసుకుంటాను. జూలై, ఆగస్టుల్లో ఏసీ, చలికాలంలో హీటర్ ఉన్నాయా అని తప్పకుండా అడగండి, పక్కనే సియెర్రా నెవాడా మంచుకొండలు ఉన్నాయి మరి.

బ్రేక్‌ఫాస్ట్‌కి ఎక్స్‌ట్రా కట్టకండి. గ్రనడాలో చాలా బార్లలో డ్రింక్ తీసుకుంటే ఒక చిన్న ప్లేటు తిండి ఉచితంగా ఇస్తారు, రెండు మూడు చోట్ల తిరిగితే రాత్రి భోజనం అయిపోతుంది, ఆ మిగిలిన డబ్బుతో పొద్దున్న కాఫీ, టోస్ట్ బయటే తినొచ్చు. శాకాహారులు 'సిన్ కార్నే, సిన్ హమోన్' (మాంసం లేకుండా, హ్యామ్ అంటే పంది మాంసం లేకుండా) అని రెండూ చెప్పండి, ఒట్టి 'కార్నే వద్దు' అంటే హ్యామ్ ముక్కలు వేసి తెచ్చే అవకాశం ఉంది.

రాత్రి పొద్దుపోయాక చేరేవాళ్లు ఆ టైమ్ ముందే మెసేజ్ పెట్టండి, చిన్న ఓస్తాల్‌లో రాత్రంతా రిసెప్షన్‌లో మనిషి ఉండకపోవచ్చు.