గొంతుకిచ్చారు, మొహానికివ్వలేదు

అందరికీ నమస్కారం. వెనకాల టిఫిన్లు ఇంకా నడుస్తున్నట్టున్నాయి, పర్లేదు, తింటూనే వినండి.

అవార్డులు దక్కని గొప్ప నటన గురించి మాట్లాడమన్నారు. ఆ పేర్లన్నీ చదవడం మొదలుపెడితే ఇచ్ఛాపురం వైపు వెళ్ళాల్సినవాళ్ళకి ఆఖరి బస్సు తప్పిపోతుంది. అందుకని నన్ను చాన్నాళ్ళుగా తొలిచేస్తున్న ఒక్క లెక్క చెప్తాను. ఎస్పీ బాలుగారికి జాతీయ అవార్డులు ఆరు వచ్చాయి కదా, వాటిలో తెలుగు పాటలకి వచ్చినవి మూడు: శంకరాభరణం, సాగరసంగమం, రుద్రవీణ. మూడింటికీ సంగీత దర్శకుడికి కూడా ఇచ్చారు, మొదటిదానికి మహదేవన్, మిగతా రెంటికీ ఇళయరాజా. అంటే పాడిన గొంతుకి వచ్చింది, కట్టిన బాణీకి వచ్చింది, ఆ పాటని ఒంట్లోకి ఎక్కించుకుని కెమెరా ముందు నిలబడ్డ మనిషికి మాత్రం రాలేదు. ఒకసారి కాదు, మూడుసార్లు!

బాలుగారికి ఎందుకిచ్చారని కాదు నా గొడవ, అంత పాపం నేను మూటగట్టుకోను. శంకరాభరణం పోటీపడిన 1979 సినిమాలకి ఉత్తమ నటుడిగా నసీరుద్దీన్ షాని ఎంపిక చేశారు, స్పర్శ్‌లో అంధుడి పాత్రకి. ఆయనా మామూలు నటుడేం కాదు. కానీ శంకరాభరణంలో శంకరశాస్త్రి వేషం కట్టిన మన సోమయాజులుగారి సంగతి చూడండి. పుట్టింది ఇక్కడికి దగ్గర్లోనే, శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారంలో. రెవెన్యూ శాఖలో డిప్యూటీ కలెక్టరు. నాటకాల్లో ఆయనకి పేరు తెచ్చింది కన్యాశుల్కంలో రామప్పపంతులు, తమ్ముడు రమణమూర్తిది గిరీశం. రామప్పపంతులు ఎంత జిత్తులమారో మీకు చెప్పక్కర్లేదు. అలాంటి పంతుల్ని ఏళ్ళ తరబడి ఆడినాయన యాభై దాటాక శంకరశాస్త్రిగా కనిపిస్తే, ఎక్కడైనా పంతులు తొంగిచూశాడా?

మా ఇంట్లో టీవీ స్పీకరు పోయిన రోజుల్లో ఒక ఆదివారం శంకరాభరణం వేశారు. బాగుచేయిద్దామంటే మెకానిక్ రేపు రేపు అంటున్నాడు, అమ్మేమో సినిమా వదలనంది, సరే, మూగగానే చూస్తున్నాం. ఆఖర్లో పక్కింటి ఒడియా మావుసి, అంటే వాళ్ళ భాషలో పిన్ని, గిన్నె తిరిగివ్వడానికి వచ్చింది. తెర మీద కచేరీ, దొరకునా ఇటువంటి సేవ. పాట మధ్యలో ఆయనకి ఊపిరందక ఆగిపోతారు, పిల్లాడు అందుకుంటాడు. మాకు ఒక్క స్వరం కూడా వినపడటం లేదు. ఆగిపోయినందుకు సిగ్గు, పాట తెగిపోతుందన్న భయం, అది తెగలేదని తెలిశాక ఆ మొహంలో ఏదో సడలటం, అంతా కళ్ళల్లోనే జరిగిపోయింది. మావుసి గిన్నె చేతిలో పట్టుకునే నిలబడిపోయింది. పాట అయ్యాక, ఆ పిల్లాడు ఆ ముసలాయనకి ఏమవుతాడని అడిగింది. ఏమీ కాడు అంటే నమ్మలేదు.

భాష రాక జ్యూరీకి ఎక్కలేదంటారు కొందరు. మా మావుసికీ తెలుగు రాదండీ, పైగా ఆవిడకి సౌండు కూడా లేదు.

సాగరసంగమం విషయంలో నాకు కోపం కాస్త తక్కువ, అందులో ఆడిన కమల్ హాసన్‌కి ముందు ఏడాది తమిళ సినిమాకి వచ్చేసింది కాబట్టి. అయినా తాగి, వానలో, బావి గట్టు మీద ఆడే ఆ డాన్స్ చూడండి. కాలు తూలాలి కానీ తాళం తప్పకూడదు. ఎంత కష్టమో మన పిల్లలకి నాట్యం నేర్పే టీచర్లని అడగండి. చిరంజీవి రుద్రవీణలో ఫైట్ల హీరోలా కాకుండా గొంతు తగ్గించి తండ్రి ముందు నిలబడతాడు, నాకు ఆయన సినిమాల్లో అదే ఇష్టం, మా అబ్బాయి ఒప్పుకోడు.

పాతవాళ్ళ సంగతి ఇంకో రకం. నటులకి జాతీయ అవార్డులు మొదలైందే 1967 సినిమాలతో. అప్పటికి మాయాబజార్ వచ్చి పదేళ్ళు. శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి పరికిణీలోనే మీసం మెలేసినట్టు నడిచిన నడకకి ఇవ్వడానికి బహుమతే లేదు. నర్తనశాల కీచకుడికి ఎస్వీ రంగారావుని జకార్తా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడన్నారు. ఇక్కడ సహాయ నటుడి అవార్డు పెట్టింది 1984లో, ఆయన పోయిందేమో 1974లో. సావిత్రికి రాని అవార్డు సావిత్రిగా నటించిన కీర్తి సురేష్‌కి వచ్చింది. తెలుగు నటుడికి ఉత్తమ నటుడు రావడానికి 2021 సినిమాల దాకా, పుష్ప దాకా ఆగాల్సొచ్చింది. ఆ రోజు మా వీధిలో టపాకాయలు కాల్చారు, నేనూ కాల్చాను.

సరే, ఇక చాలు. శంకరాభరణం ఆఖరి పది నిమిషాలు ఇప్పుడు వేస్తాం, సౌండు లేకుండా. బాబూ, వైరు పీకేయ్. ఆ లైట్లు కూడా తీసేయండి.